ముక్కుపురుగుల తొట్లు

పేపర్లో శ్యామల ఫోటో పడిన పొద్దున సరోజన ఊరి పక్క ఏరు గంగలో నడుము లోతు నీళ్ళలో నిలబడి గుర్రపు డెక్క లాగుతోంది.

"ఏమే! మన శ్యామల పేపర్ల వడ్డది! పక్కకు మన భూమిక గూడ ఉన్నది!" అని ఒడ్డు మీది నుంచి భర్త వెంకటి కేకేశాడు.

వరుసలో ఉన్న ఆడవాళ్ళు ఏడుగురూ చేతుల్లోది అక్కడే వదిలేసి ఒడ్డుకు పోయారు. సరోజన పోలేదు. మొక్కను మొదట్లో పట్టి ఎత్తి, వేర్లను నీళ్ళ మీద మూడుసార్లు జాడించి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, గట్టు మీది కుప్పలోకి విసిరింది. ఇంకొకటి పట్టుకుంది. రెండేళ్ళ కింద సంఘం ఆడవాళ్ళు ఈ పనిలో దిగినప్పుడు ఇట్లా జాడించడం అందరికీ నేర్పింది తనే. జాడిస్తే బురద దిగి బరువు తగ్గుతుంది, వేర్లలో చిక్కుకున్న చేపపిల్లలు మళ్ళీ గంగలో పడతాయి.

"రావే సరోజనా, నీ బిడ్డను చూసుకోవా?" చంద్రవ్వ పిలిచింది. సంఘానికి ఆమె పెద్ద. ఆమె పిలిచాక పోకపోతే బాగుండదు.

తడి చేతులు కొంగుకు తుడుచుకుని సరోజన పేపరు అందుకుంది. శ్యామల మెడ చుట్టూ శాలువా. ముందు నీలం డ్రమ్మును అడ్డంగా కోసి చేసిన తొట్టి, అందులో గుర్రపు డెక్క. శ్యామల భుజానికి భుజం ఆనించి తన కూతురు భూమిక, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. వాళ్ళ వెనక మసకగా ఒక దిబ్బ. మొదట అదేమిటో సరోజనకు తెలియలేదు. తర్వాత తెలిసింది. తాను పీకి వేసిన కుప్ప అది.

"బియ్యంల ముక్కుపురుగు వస్తె చాటల వోసి చెరిగి పారేస్తం. శ్యామల గా పురుగునే సాది శాలువ కప్పించుకున్నది సూడుండ్రి!" చంద్రవ్వ అనేసరికి అందరూ నవ్వారు.

"భూమిక నవ్వు అచ్చం శ్యామల నవ్వు లెక్కనే ఉన్నదే," అని ఇంకెవరో అన్నారు.

సరోజన పేపరు మడిచి వెంకటి చేతిలో పెట్టి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. అరచేతుల పగుళ్ళలో నీళ్ళు చురుక్కుమన్నాయి. రెండేళ్ళు. జలగలు పట్టాయి, ఒకసారి పాము మోకాలికి రాసుకుంటూ పోయింది. ఒక్క ఫోటో అయినా తీశారా ఎవరైనా? నీడలో కూర్చుని పురుగులకు నీళ్ళు మార్చినవాళ్ళకు శాలువా!

శ్యామల ఆమెకు ఏరాలు, వెంకటి తమ్ముడి భార్య. ఇల్లు ఎదురుగానే. వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి శ్రీహరి సార్ వచ్చి, ఈ చెత్తను ఎంత పీకినా రెండు వారాల్లో మళ్ళీ అంతే అవుతుందని, దీన్ని తప్ప ఇంకేదీ తినని పురుగు ఒకటుందని, ఎవరన్నా తొట్లలో పెంచుతారా అని అడిగినప్పుడు చెయ్యెత్తింది శ్యామల ఒక్కతే. ఆ రోజు సరోజన కూడా ఎత్తబోయింది. అవి ఇంటి బియ్యంలో పడితే? పిల్ల చెవిలో దూరితే? ఆ భయంతో ఎత్తని చెయ్యి ఇప్పుడు ఆమెను తింటోంది.

*

శుక్రవారం పొద్దు గుంకుతున్నా భూమిక ఇంటికి రాలేదు. మంథనిలో డిగ్రీ చదువుతుంది. బస్సు నాలుగింటికే వచ్చిపోయింది. బస్సు తప్పిందా? రోడ్డు దాటేటప్పుడు ఇసుక లారీ ఏదైనా? సరోజన గడప దాటి రోడ్డు వరకూ పోయి, వెనక్కి వచ్చి, ఎదురింట్లో బిడ్డ చెప్పులు చూసింది. ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే కడుపు మండింది.

రేకుల కింద మూడు తొట్లు. శ్యామల ఒకదాని ముందు కూర్చుని నీళ్ళు మారుస్తోంది. భూమిక పక్కన కూర్చుని నోటుబుక్కులో రాస్తోంది. ఇద్దరి మధ్యా ఒకటే పళ్ళెం, అందులో సర్వపిండి ముక్కలు.

"కాలేజ్ నుంచి సీదా గీడికేనా? ఇల్లు యాదికి లేదా?"

"అవ్వా, జర ఆగు. లెక్క తప్పుతది." భూమిక తలెత్తలేదు.

"కూసో అక్కా," అంది శ్యామల. పీట జరిపింది. సరోజన కూర్చోలేదు.

తొట్లలో మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఆకుల మీద అక్కడొకటి ఇక్కడొకటి మినపగింజంత మచ్చ, అంతే. పురుగు గీకి తిన్న జాగా అది. రెండు నెలల కింద తొట్టికి యాభై వేస్తే ఇప్పటికి పిల్లలతో తొట్లు నిండాలి.

"ఎన్నే బిడ్డా?" శ్యామల అడిగింది.

"మూడు తొట్లల్ల కలిపి ఇరవై ఏడు, చిన్నమ్మా."

శ్యామల చేతిలోని మొక్కను బకెట్ నీళ్ళలో జాడించి, దెబ్బ కొట్టి, తొట్టిలో పెట్టింది. వేర్లు దువ్విన వెంట్రుకల్లా శుభ్రంగా వేలాడాయి. దోమపిల్లలు చేరకుండా నాలుగు రోజులకోసారి ఇట్లా చేస్తుంది.

"సోమవారం సార్ వస్తడు," అంది భూమిక. "గిది సూస్తె మందు కొట్టుడే అంటడు."

మందు డ్రమ్ములు అప్పటికే పంచాయతీ గదిలో దిగి ఉన్నాయి. పురుగు పని చెయ్యకపోతే కాంట్రాక్టరు పడవ మీద తిరిగి గడ్డి మందు కొడతాడు. ఎన్ని వారాలో ఎవరూ చెప్పరు, అప్పటిదాకా వల వెయ్యొద్దు, పశువులకు నీళ్ళు తాపొద్దు. ఎండిన డెక్క అంతా కింద కుళ్ళితే చేప బతుకుతుందా? వెంకటి తెప్ప గట్టు మీద బోర్లించి ఉండడం సరోజన కళ్ళకు కట్టింది. బిడ్డ తాగే నీళ్ళ బిందె కూడా కళ్ళకు కట్టింది. భయమేసింది. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి మెదిలింది. శాలువా కప్పినోళ్ళే సోమవారం ఏమంటారో చూడాలి.

భూమిక పెన్ను మూసి శ్యామల చెయ్యి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. మడిల మంచిగనే ఉన్నయ్ గద."

తన చెయ్యి ఇట్లా పట్టుకుని ఎన్ని రోజులైంది? సరోజన లెక్కపెట్టబోయి మానేసింది. "అన్నం సల్లారుతున్నది," అని బయటికి వచ్చింది.

*

మడి అంటే గంగలోనే వెదురు బొంగులు పాతి, చుట్టూ పాత వల కట్టిన జాగా. అక్కడి డెక్కను ఎవరూ పీకకూడదు. అందులో వదిలిన పురుగులు పెరుగుతాయో లేదో చూడడానికి ఉంచింది. ఈ ఏడు గంగమ్మకు మొక్కి వల వేసే వంతులకు చీటీలు తీసినప్పుడు ఆ రేవు వెంకటి వంతుకు వచ్చింది. ఎవరి వంతుకు వచ్చిన నీళ్ళు వాళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలని గంగపుత్రుల కట్టుబాటు. తన వంతులో చెత్త నిలిపి ఉంచడం సరోజనకు గుమ్మంలో ఎంగిలి విస్తరి ఉంచుకున్నట్టే ఉంది.

శనివారం తెల్లవారేసరికి ఆమె ఒంటరిగా మడి దగ్గరికి పోయింది. మడి లెక్క తప్పడానికి పది మొక్కలు పీకితే చాలు. గాలికో, పశువులకో పోయిందనుకుంటారు. నా వంతు, నేను శుభ్రం చేసుకున్నా. ఎవరన్నా అడిగితే ఏమనాలో కూడా అనుకుంది. వల ముడి విప్పి లోపలికి దిగింది.

దగ్గర నుంచి చూస్తే ఆకులన్నీ మచ్చలే. కొన్ని జల్లెడ అయిపోయాయి. కాడలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. రెండేళ్ళలో ఇట్లాంటి డెక్కను ఆమె చూడలేదు. రోగం వచ్చిందనుకుంది. ఒక మొక్కను మొదట్లో పట్టి ఎత్తింది. అలవాటున చెయ్యి పైకి లేచింది జాడించడానికి.

వేలికి ఏదో తగిలింది.

ఆగింది. చెయ్యి దించి వేర్లలో మెల్లగా వెతికింది. చూస్తే ఏమీ లేదు, నల్లటి వేర్లు, బురద. వేళ్ళకు మాత్రం తెలుస్తోంది. ఇక్కడొక గుండు, అక్కడొక గుండు, జొన్నగింజంత. వేర్ల నూగుతోనే చుట్టుకున్నట్టు ఉన్నాయి. ఒకదాన్ని తెంపి గోటితో చీల్చింది. లోపల తెల్లటిది, ముడుచుకుని, మెత్తగా, ముక్కు చివర మాత్రం అప్పుడే రంగు ఎక్కుతున్నది. అరచేతిలో కొద్దిగా కదిలింది.

సరోజన దాన్ని చూస్తూ నిలబడింది. పుట్టబోయే పురుగు. వేర్లకే గూడు కట్టుకుంది. జాడిస్తే రాలిపోతుంది. శ్యామల బకెట్ అడుగున ప్రతి నాలుగు రోజులకూ మిగిలే బురద, దాన్ని ఆమె వాకిట్లో పారబోయడం కళ్ళ ముందు కదిలాయి. మూడుసార్లు జాడించి ఒక్క దెబ్బ. నిన్న సాయంత్రం అంతసేపు చూసి కూడా ఆ చెయ్యి ఎవరిదో తాను గుర్తుపట్టలేదు. తనదే. రెండేళ్ళ కింద ఇదే రేవులో శ్యామల వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని, ఇట్లా కాదు ఇట్లా అని తాను నేర్పిందే.

మొక్కను మళ్ళీ నీళ్ళలో పెట్టి, పడిపోకుండా పక్క మొక్కల మధ్య నిలబెట్టింది. వల ముడి వేసింది. చీల్చిన గూడును ఏం చెయ్యాలో తెలియక ఒడ్డుదాకా గుప్పిట్లోనే తెచ్చి, ఒక ఆకు మీద ఉంచి ఇంటికి వచ్చింది.

చెప్పలేదు. శనివారం చెప్పలేదు, ఆదివారం చెప్పలేదు. చెప్పడమంటే ఏమిటి? శ్యామల తొట్లు నిండుతాయి, ఇంకో ఫోటో పడుతుంది. చెప్పకపోతే మందు పడుతుంది. అన్నం వడ్డిస్తూ వెంకటి మెడ మీది వల తాడు కాటును చూసి నోరు తెరిచింది. అంతలో భూమిక, "చిన్నమ్మ నిన్నటి సంది తింటలేదు బాపూ," అంది. సరోజన నోరు మూసుకుంది.

"నేను తినకుంటె ఎవలన్న అడుగుతరా గీ ఇంట్ల?" అంది కాసేపాగి.

"నువ్వు తింటున్నవ్ గదనే," అన్నాడు వెంకటి అమాయకంగా.

*

సోమవారం పది గంటలకు శ్రీహరి సార్ వచ్చాడు. వెంట కాంట్రాక్టరు మనిషి, చేతులు కట్టుకుని. సంఘం ఆడవాళ్ళంతా శ్యామల వాకిట్లో నిలబడ్డారు. సరోజన వెనగ్గా, గోడ పక్కన.

సార్ మడిని చూసి అప్పుడే వచ్చాడు. మడి బాగుందన్నాడు. తొట్లలో ఆకుల మీది మచ్చలు, భూమిక నోటుబుక్కులోని లెక్క చూశాడు. రెండో తొట్టికి, మూడో తొట్టికి పోయాడు.

"మడిలో ఉన్నవి మడికే సరిపోతాయమ్మా. గంగంతా వదలాలంటే తొట్లలో పెరగాలి. ఇక్కడేమో వేసిన వాటిలో సగం కూడా లేవు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పక్క జిల్లాలో ఇవే పురుగులు ఇస్తే నిండాయి. శ్రద్ధ లేదమ్మా. పేపర్లో పడేసరికి పని అయిపోయిందనుకున్నారు."

శ్యామల మెడ వంగింది. అందరి ముందు. కాంట్రాక్టరు మనిషి పెదవి చివర నవ్వు మెరిసింది.

సరోజన ఆ మాటను ఆకలి మీద ఉన్నవాళ్ళు మొదటి ముద్దను తిన్నట్టు విన్నది. అవును, శ్రద్ధ లేదు. నీడలో కూర్చుంటే శ్రద్ధ ఎక్కడ వస్తుంది? ఇంకా రెండు మాటలు అంటే బాగుండు.

"తప్పు నాది సార్," అంది భూమిక.

అందరూ అటు చూశారు. "చిన్నమ్మ మంచిగనే చూసింది. నేనే లెక్క సక్కగ రాయలే. తగ్గుతున్నయ్ అని మీకు ముందుగాల్నే ఫోన్ చెయ్యకపోతి. నా పేరు రాసుకోండ్రి."

సరోజన గోడను వదిలింది. శ్యామల కోసం మాట పడుతుందా ఇది! తన బిడ్డ పేరు సార్ రాసే కాగితంలోకి, ఈ వయసులో, రేపు ఏ ఉద్యోగానికి పోయినా వెంట వచ్చే మాట, ఆమె కోసం! ఎప్పుడైనా తన కోసం ఒక్క మాట పడిందా? కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

"వేర్లు కడిగితె ఎట్ల ఉంటయ్ సార్ పురుగులు?" అంది.

సార్ తిరిగి చూశాడు.

"గూళ్ళు వేర్లకే ఉంటయ్. ఇది నాలుగు రోజులకోసారి జాడిస్తది. బురదల రాలి వాకిట్ల పోతున్నయ్. బకెట్ అడుగున చూడుండ్రి."

సార్ బకెట్ వంచి, అడుగున మిగిలిన బురదను అరచేతిలోకి తీసుకుని వేలితో విప్పాడు. చాలాసేపు. "నీళ్ళు మార్చమన్నాను గానీ వేర్లు కడగమన్నానా అమ్మా?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు.

"మేము జాడియ్యకుంట డెక్కను ముట్టం సార్," అంది శ్యామల మెల్లగా. "అక్క నేర్పింది. అక్క చేసినట్టే చేసిన."

ఆడవాళ్ళంతా సరోజన వైపు తిరిగారు.

"మీకెట్లా తెలిసింది?" సార్ సరోజనను అడిగాడు.

"శనివారం మడిలకు దిగిన. చేతికి తగిలినయ్."

"మడిలకా?" భూమిక అంది. "ఎందుకు దిగినవ్ అవ్వా?"

శుభ్రం చేద్దామని, పాము ఉందేమో చూద్దామని, వల చినిగిందేమోనని. మూడు మాటలు నోట్లోకి వచ్చాయి. భూమిక కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరంలో కూడా ఇంతసేపు తన ముఖం చూడలేదు.

"పీకేద్దామని," అంది సరోజన.

చంద్రవ్వ ముందుకు వచ్చింది. తర్వాత సార్‌తో గడువు గురించి మాట్లాడింది. సార్ రెండు నెలల గడువు రాసి కాంట్రాక్టరు మనిషికి ఇచ్చాడు. అప్పటిదాకా డ్రమ్ముల మూత తీయొద్దు. "వేర్లు తెలిసిన చెయ్యి ఒకటి కావాలి. ఒక తొట్టి ఈమె ఇంట్లో పెట్టండి," అన్నాడు.

"ఒక్కటెందుకు సార్, మూడూ తీస్కపొమ్మను," అంది శ్యామల.

"ఒక్కటే," అంది చంద్రవ్వ. "నువ్వొక దిక్కు వట్టు, అదొక దిక్కు వడ్తది."

నీళ్ళతో, డెక్కతో తొట్టి బరువుగా ఉంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని వాకిలి దాటారు. నడకకు నీళ్ళు తొణికి ఇద్దరి చీరలూ తడిశాయి. సందు మధ్యలో సరోజన ఆగింది. "ఉండనియ్ శ్యామలా. నీ కాడ్నే ఉండనియ్. నీడ మంచిగున్నది."

"నువ్వు జాలివడి ఇచ్చేది నాకొద్దు అక్కా. నడు."

తొట్టిని సరోజన ఇంటి రేకుల కింద దించి, శ్యామల నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. భూమిక ఆ సాయంత్రం తల్లితో మాట్లాడలేదు. అన్నం తిన్నది, పళ్ళెం కడిగింది, పుస్తకం ముందు కూర్చుంది. పిల్ల ఇంట్లోనే ఉంది. సరోజన కోరుకున్నది అదే. గిన్నెలు తోముతూ రెండుసార్లు తిరిగి చూసింది. పేజీ తిరగలేదు.

*

మంగళవారం పొద్దున తొట్టి మీది వల ఎత్తి చూస్తే ఒక్క పురుగు లేదు. ఆకు తిప్పింది, ఇంకో ఆకు తిప్పింది. లేవు. ఎగిరిపోయాయా? చచ్చాయా? తాను ముట్టుకుంటేనే చచ్చాయా? రెండు నెలల గడువు మొదటి రోజే. ఆ డ్రమ్ముల మూతలు తీస్తున్న చప్పుడు కూడా వినిపించింది ఆమెకు. భూమికను లేపుదామనుకుంది. లేపి ఏమని చెప్పడం? ఒక మొక్కను నీళ్ళతో సహా బేసిన్‌లోకి తీసుకుని, వేర్లు కదలకుండా, ఒక్కొక్క అడుగే వేస్తూ సందు దాటింది.

శ్యామల వాకిట్లో పేడనీళ్ళ సాంపి చల్లుతోంది. ఆగలేదు.

"పురుగులు కనవడ్తలేవు శ్యామలా."

సాంపి చల్లడం అయింది. బకెట్ బోర్లించింది. అప్పుడు అంది. "పగటీలి కనవడవు, పొద్దు గూకితెనే బయటికొస్తయ్. ఆకు మొదట్ల పొర ఉంటది, దాంట్ల దాసుకుంటయ్. విప్పి చూడకు. పొర చినిగితె ఎండుతది."

"చచ్చినయ్ అనుకున్న."

"నేను గూడ మొదటి రోజు గట్లనే అనుకొని ఏడ్సిన." శ్యామల చేతులు కడుక్కుంది. ఇంట్లోకి పోబోయి గడప దగ్గర నిలబడింది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "గా గూళ్ళు నీకెట్ల దొరికినయ్ అక్కా? రెండు నెలల సంది నా చేతులల్లనే ఉండె. నేను గుడ్డిదాన్నా?"

"కంటికి కనవడవు. బురద లెక్కనే ఉంటయ్."

సరోజన బేసిన్‌ను అరుగు మీద పెట్టింది. శ్యామల వచ్చి వంగి చూసింది. ఏమీ కనిపించక ముఖం ముడుచుకుంది. సరోజన ఆమె మణికట్టు పట్టుకుంది. శ్యామల చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. సరోజన వదల్లేదు. వేర్లలోకి పెట్టింది.

"కొసలకు పోకు. పైకి రా. ఒత్తకు... పిల్ల తలల పేను వట్టినట్టు. మెల్లగ."

శ్యామల కళ్ళు మూసుకుంది. చెయ్యి ఒకచోట ఆగింది.

"గిదేనా?"

"గిదే."

"ఇంకోటి ఉన్నది."

"మూడు ఉంటయ్. నేను తెచ్చేముందు తడిమి చూసిన."

మూడోది ఎక్కడుందో సరోజనకు తెలుసు, ఎడమ పక్క, కాడకు ఆనుకుని. చెప్పబోయి ఆగింది. తన కంటే తొందరగా దొరుకుతుందేమోనని లోపల ఒక్కసారి చిన్నగా మండింది. శ్యామల ఇంకా వెతుకుతూనే ఉంది. నీళ్ళు తొణకకుండా సరోజన బేసిన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.